సూదత్త బయట నిలబడ్డ సభ

ఆ వీధిలో సూదత్తని ఎరగనివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే వాళ్ళు ఇంకా పుట్టి ఉండరు. మెట్ల కింద, ఒకరు నిలబడితే రెండోవాళ్ళు వంగాల్సినంత గదిలో ఆవిడ కుట్టుమిషను. ఆవిడ కుట్టిన చొక్కా చిరిగిందంటే తప్పు చొక్కాది కాదు, లోపలున్న ఒంటిది. మిషనుకి ఒక సూది ఉంటే నోట్లో ఇంకొకటి ఉందని అందరూ పెట్టిన పేరది. కొలతలిచ్చేటప్పుడు కదలకూడదు కాబట్టి జనం తమ కష్టాలన్నీ అక్కడే చెప్పుకునేవారు. పంపు రాలేదని ఒకరు, దీపం వెలగలేదని ఇంకొకరు. చేతులు చాచి నిలబెట్టి వీధి ఓట్లన్నీ కొలిచేసుకుందని ఓడిపోయినవాళ్ళు ఏడ్చారు గానీ, వార్డు బోర్డు సభ్యురాలైంది మాత్రం నిక్షేపంగా.

బోర్డంటే ఏదో అనుకునేరు. ఐదుగురు మనుషులు, కాలు ఊగే బల్ల ఒకటి. అయితేనేం, వీధి దీపం ఎక్కడ వెయ్యాలో, మురిక్కాలవ ఎటు తిప్పాలో ఆ బల్ల దగ్గరే తేలాలి. పై ఆఫీసు వాళ్ళు సంతకం పెట్టడమే.

ఆ నెల బల్ల మీదికొచ్చింది పాత తూకం షెడ్డు. బజారు పక్కనే, గట్టి రేకుల కప్పుతో ఏళ్ళ తరబడి ఊరికే పడుంది. గోడౌనుకి అద్దెకిస్తే బోర్డుకి ఆదాయమని మందుల షాపాయన. ఎండకీ వానకీ రోడ్డు మీదే కూచునే కూరల వాళ్ళకిద్దామని సూదత్త. ఆ కూరల వాళ్ళలో సూదత్త మొగుడి అక్క కూడా ఉంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు. కిందటి వానల్లో తడిసి తడిసి ఆవిడ మంచం పట్టి లేచింది. "ఇంకో వానాకాలం ఆ రోడ్డు మీద కూచోలేనే" అన్న రోజు సూదత్తకి తిండి సయించలేదు.

చిక్కల్లా అక్కడే. సొంతవాళ్ళకి లాభముండే విషయమైతే ఆ సభ్యులు లేచి బయటికి పోవాలి, ఓటెయ్యకూడదు. అది బోర్డు రూలు. సూదత్త పోతే మిగిలేది అటు మందుల షాపాయన, ఆయన మాటకి తలూపడమే పనిగా పెట్టుకున్న టైర్ల షాపు తమ్ముడు. ఇటు ఒంటరిగా నర్సమ్మ. అధ్యక్షుడైన డ్రిల్లు మాస్టారు ఓట్లు సమానమైతేనే చెయ్యెత్తుతారు. అంటే షెడ్డు పోయినట్టే.

"పోతాను మాస్టారూ," అంది సూదత్త. "పోయేముందు ఒక్క మాట. కొలత తీసుకోకుండా నేను చొక్కా కుట్టను. చోటు చూడకుండా మీరెలా తేలుస్తారు?"

కూచుని కూచుని నడుం పట్టేసిన మాస్టారు వెంటనే లేచారు. సభ బజారుకి కదిలింది.

అందరూ ఆడపడుచు బుట్టల ముందు నిలబడ్డారో లేదో, ఆకాశానికి తూట్లు పడ్డాయి. అదేం వాన! ఒక్కో చినుకూ గుమ్మడికాయంత. వీధి కుక్కలు అక్కడికక్కడే ఈత నేర్చేసుకున్నాయి. ఆ వానని సూదత్తే ముందుగా ఆర్డరిచ్చి తెప్పించిందని మందుల షాపాయన ఇప్పటికీ అంటాడు.

"అమ్మా, ఓటింగు. నువ్వు బయటికి వెళ్ళాలి," అన్నారు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"బయటే ఉన్నాం కదండీ, ఇంకెంత బయటికి పోను?"

"మాకు దూరంగా పో తల్లీ!"

సూదత్త చుట్టూ చూసింది. గబగబా రోడ్డు దాటి, షెడ్డులోకి పోయి, పొడి నేల మీద చేతులు కట్టుకుని నిలబడింది.

మిగతావాళ్ళూ అటే పరిగెత్తబోయారు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగండి! ఆవిడ ఉన్న చోటికి సభ పోకూడదు. ముందు ఓటు!"

చేసేది లేక నలుగురూ ఆడపడుచు గొడుగు కింద తలలు దూర్చారు. ఆవిడ దాన్ని చటుక్కున లాక్కుని ఆకుకూరల మీద పెట్టింది.

"అమ్మా, తడిసిపోతున్నాం!"

"మీరు తడిస్తే ఆరతారు నాయనా. ఇవి తడిస్తే కుళ్ళుతాయి. వాన పడ్డప్పుడు నా నెత్తి మీద ఎప్పుడైనా గొడుగు చూశారా?"

మందుల షాపాయన "ఆదాయం..." అనబోతే నోట్లో గ్లాసెడు నీళ్ళు పడ్డాయి. అప్పుడు టైర్ల తమ్ముడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆయనకి ఎదురు చెప్పాడు.

"అన్నా, గోడౌనయితే దానికి తాళం పడుతుంది. ఈ కాసేపటికే మనం ఇట్లా ఉన్నామే, ఈవిడ రోజంతా కూచోవాలి కదా!"

"కూరల వాళ్ళకి ఇవ్వాలనేవాళ్ళు చేతులెత్తండి!" మాస్టారు మైదానంలో అరిచినట్టు అరిచారు.

నర్సమ్మ ఎత్తింది. తమ్ముడు ఎత్తాడు, చొక్కా చేతిలోంచి కాలవ పారింది. మందుల షాపాయన మాత్రం ఎత్తలేదు. ముద్దగా తడిసినా మాట మీదే నిలబడ్డాడు, ఆ గొప్ప ఆయనకివ్వాల్సిందే.

షెడ్డులో ఉన్న సూదత్తకి రెండు చేతులు లేవడం కనిపించింది గానీ, రేకుల మీద వాన చప్పుడుకి ఒక్క మాటా వినపడలేదు. ఆ చేతులు కూరల వాళ్ళకోసమా, గోడౌను కోసమా? గుండె మిషను తొక్కినట్టు టకటకా కొట్టుకుంది.

అంతలో బుట్టలు కదిలాయి. ముందు ఆడపడుచు, నెత్తిన ఆకుకూరల బుట్ట. వెనక కూరల వాళ్ళంతా. వాళ్ళ వెనక వంకాయల గంప మోస్తూ టైర్ల తమ్ముడు, టమాటాల బుట్టకి చెరో వైపు నర్సమ్మా మాస్టారూ.

సూదత్త ఎదురెళ్ళి బుట్ట దించింది. "వదినా, ఏ మూల కావాలో నువ్వే చూసుకో."

ఆడపడుచు జుట్టు పిండుకుంటూ కప్పు వంక చూసింది. ఎక్కడా చుక్క కారడం లేదు.

"ఏమే మరదలా, నీ ఓటు లేకుండానే పనైపోయిందే! ఇకమీదట నిన్ను రోజూ బయటే నిలబెట్టాలి."

షెడ్డంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది సూదత్తే.