నొప్పి తెలియనివ్వని తూటా

వసుమతికి మాంసం వాసన పడదు. భర్త కృష్ణమోహన్ ఉన్న రోజుల్లో కోడికూర తినాలనిపిస్తే ఆయనే పెరట్లో స్టవ్ పెట్టుకుని వండుకునేవాడు. కూతురు ఇషా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, కూర ఉడికిందో లేదో రుచి చూసి చెప్పేది. అలాంటి వసుమతి ఒక శనివారం పొద్దున అమెరికాలోని చాండ్లర్‌లో ఒక తుపాకుల దుకాణంలో, పదమూడేళ్ల ఇషా పక్కన నిలబడి, దుప్పిని చంపడానికి ఏ తూటా మంచిదో ఎంచవలసి వచ్చింది.

కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసే కృష్ణమోహన్‌ని క్లోమానికొచ్చిన క్యాన్సర్ ఏడాది తిరక్కుండానే తీసుకుపోయింది. ఆ తర్వాత ఇషా మాట్లాడటం దాదాపు మానేసింది. అడిగితే "ఓకే" అనేది, లేకపోతే "ఫైన్". కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తే అపాయింట్‌మెంట్ అయిపోయేదాకా కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చుంది. వసుమతి ఆసుపత్రి ఫార్మసీలో పని చేస్తుంది. ఎవరికి ఏ మందు ఎంత ఇవ్వాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఇంట్లో ఉన్న ఒక్క పిల్లకు ఏమివ్వాలో మాత్రం ఆమెకు తోచలేదు.

పక్కింటి వాల్ట్ అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకరోజు ఆయన గరాజ్ తలుపు తెరిచి రైఫిల్ శుభ్రం చేసుకుంటుంటే, సైకిల్ మీద పోతున్న ఇషా ఆగి చూసింది. ఆ సాయంత్రం ఆయన వసుమతితో, "మీ అమ్మాయి చాలా ప్రశ్నలు అడుగుతుంది సుమా" అన్నాడు. వసుమతికి తుపాకీ సంగతి తర్వాత తట్టింది. ముందు చెవిన పడింది ప్రశ్నలన్న మాటే.

దాంతో అడ్డు చెప్పలేకపోయింది. ఆదివారాలు వాల్ట్ అంకుల్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్తానంటే, తనూ వెంట వెళ్ళి చెవులు మూసుకుని వెనక కూర్చుంది. వేటగాళ్ల క్లాసులో చేరతానంటే చేర్పించింది. పిల్లల కోసం వేరుగా తీసే లాటరీలో, ఉత్తరాన కైబాబ్ అడవుల్లో ఒక దుప్పిని వేటాడే అనుమతి ఇషా పేరున వచ్చినప్పుడు పిల్ల వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఎన్నాళ్లకో ఆ ముఖం వెలిగింది. అప్పుడిక ఏమంటుంది?

దుకాణంలో ఒక గోడ నిండా తూటాల పెట్టెలే. ఇషాకి వాల్ట్ ఇచ్చిన రైఫిల్ చిన్నది, భుజాన్ని మరీ గట్టిగా తన్నదు. దానికి సరిపోయే తూటాల్లో కౌంటర్ దగ్గరి యువకుడు రెండు రకాలు తీసి పెట్టాడు. వాటి మీద బరువు గ్రెయిన్లలో రాసి ఉంది. ఆ మాట చూడగానే వసుమతి ఉలిక్కిపడింది. గుంటూరులో ఫార్మసీ చదివేటప్పుడు పాత పుస్తకాల్లో మందుల తూకం గ్రెయిన్లలోనే ఉండేది. ఆస్పిరిన్ బిళ్ల ఐదు గ్రెయిన్లు. ఈ తూటా వంద గ్రెయిన్లు.

"ఇది సీసం తూటా" అన్నాడు యువకుడు. "తగలగానే బాగా విచ్చుకుంటుంది, కొంత ముక్కలవుతుంది. ఇది అచ్చంగా రాగి. కాస్త తేలిక. విచ్చుకుంటుంది కానీ ముక్కలు కాదు, లోతుగా పోతుంది. రెండూ దుప్పికి సరిపోతాయి."

వాల్ట్ సీసం పెట్టె ముందుకు జరిపాడు. "నేను జీవితమంతా ఇవే వాడాను."

"కానీ అక్కడ కాండోర్స్ ఉన్నాయి అంకుల్" అంది ఇషా. తల్లివైపు తిరిగి తెలుగులో చెప్పింది. "పెద్ద రాబందులు అమ్మా, చాలా కొంచెమే ఉన్నాయి. హంటర్స్ దుప్పి పేగులు అక్కడే వదిలేసి వెళ్తారు కదా, అవి తింటాయి. అందులో లెడ్ ఉంటే చచ్చిపోతాయి. క్లాస్‌లో చెప్పారు."

"అయితే రాగివే తీసుకో."

ఇషా రెండు పెట్టెలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆ యువకుణ్ణి ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. "వీటిలో ఏది ఫాస్ట్? అంటే, ఏదైతే దానికి ఎక్కువసేపు నొప్పి ఉండదు?"

వాల్ట్ టోపీ సర్దుకున్నాడు. "సరైన చోట తగిలితే రెండూ ఒకటే" అన్నాడు ఆ యువకుడు. "కాస్త పక్కకి తగిలితే... ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు."

"అమ్మా, నువ్వు చెప్పు. నువ్వు ఫార్మసిస్ట్ కదా."

ఆ దుకాణంలో ఉన్న వస్తువులన్నిటిలో వసుమతికి తెలిసింది ఒక్కటే. సీసం విషం. రాగి పెట్టె మీద వేలు పెట్టింది. అంతకన్నా ఆ ఎంపికకు ఆధారమేమీ లేదు. యువకుడు వయసు చూడాలని ఆమె డ్రైవింగ్ లైసెన్స్ అడిగాడు. ఇచ్చింది.

తర్వాతి ఆదివారాలన్నీ ఇషా ఆ తూటాలతోనే గురి సాధించింది. అట్ట మీద గీసిన దుప్పి బొమ్మకు ముందుకాలి వెనక, ఊపిరితిత్తులుండే చోట, గుండ్రంగా రంధ్రాలు పడుతుంటే వాల్ట్ తల ఊపేవాడు. వసుమతి ఆ అట్టలు ఇంటికి తెచ్చి చెత్తలో వేయలేక గరాజ్‌లో ఒక మూల పెట్టింది.

వేట మొదటిరోజు దుప్పులే కనబడలేదు. రెండోరోజు సాయంత్రం ఎండ వాలుతుండగా, పైన్ చెట్ల మధ్య నుంచి ఒక మగ దుప్పి ఖాళీ జాగాలోకి వచ్చింది. పెద్ద చెవులు, బూడిదరంగు ఒళ్లు. కొమ్ములు చిన్నవే. ఇషా మోకాళ్ల మీద కూర్చుని, కర్రల ఆసరా మీద రైఫిల్ ఆనించింది. ఆ చిన్న వీపు ఊపిరికి పైకీ కిందకీ కదలడం వసుమతికి వెనక నుంచి కనిపిస్తోంది. వద్దని అరవాలనిపించింది. అరిస్తే గురి తప్పుతుందేమో, తప్పితే ఇంకా ఘోరమవుతుందేమో అని నోరు నొక్కుకుంది.

సరిగ్గా రైఫిల్ పేలే ముందు దుప్పి ఒక అడుగు ముందుకు వేసింది.

దుప్పి పడలేదు. వీపు విల్లులా వంచి, ఒక్క క్షణం ఆగి, చెట్లలోకి కుంటుకుంటూ వెళ్ళిపోయింది. వాల్ట్ బైనాక్యులర్స్ దించాడు.

"తగిలిందా?" అంది ఇషా.

"తగిలింది. కాస్త వెనక్కి."

కాసేపాగి, అది నిలబడిన చోటికి వెళ్ళి చూశారు. గడ్డి మీద నెత్తురు కొంచెమే ఉంది. దాంట్లో నమిలిన ఆకు పచ్చగా కలిసి ఉంది. పొట్టలో తగిలిందని వాల్ట్ చెప్పాడు. ఇప్పుడు వెంటపడితే భయంతో ఇంకా దూరం పోతుంది, వదిలేస్తే దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది, పొద్దున్నే వెతుకుదాం అన్నాడు.

"పొద్దున్నా?" ఇషా గొంతు పైకి లేచింది. "అప్పటిదాకా అలా..."

"ఇప్పుడు మనం చేయగలిగింది లేదమ్మా" అన్నాడాయన.

వసుమతి ఆ మాట తన పనిలో ఎన్నోసార్లు విన్నది. డాక్టర్లు ఫోన్‌లో అంటుంటే విని, మందు మోతాదు మార్చి పంపింది. ఈ అడవిలో పంపడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. టెంట్ దగ్గర ఉప్మా వేడి చేసి పెడితే ఇషా ముట్టుకోలేదు. ఒక్క ప్రశ్న మాత్రం వేసింది. "దానికి ఇప్పుడు నొప్పిగా ఉంటుందా?" వసుమతి పిల్ల తల మీద చెయ్యి వేసింది.

పొద్దున వెలుగు రాగానే బయల్దేరారు. ఒక పొద కింద దుప్పి పడుకున్న చోటు కనబడింది. గడ్డి నలిగి, నెత్తురు ఎండి నల్లగా అయి ఉంది. అక్కణ్ణించి జాడ బండరాళ్ల మీదుగా లోయ అంచుకు పోయింది. ఆ తర్వాత లేదు. వాల్ట్ మోకాలి నొప్పితో ఆ వాలు దిగలేక దిగాడు. ఇషా ముళ్లలో చేతులు గీరుకుపోతున్నా ప్రతి పొదా వంగి చూసింది. మధ్యాహ్నం ముగ్గురూ ఒక బండ మీద కూలబడ్డారు. దూరంగా కాకులు అరుస్తుంటే అటు పరుగెత్తి చూసి వచ్చారు. అక్కడ ఏమీ లేదు.

ఇషా కాస్త దూరంగా ఉన్నప్పుడు వసుమతి వాల్ట్‌ని అడిగింది. "సీసం తూటా అయితే పడిపోయేదా?"

"తూటా తప్పు కాదు వసూ. అది అడుగు కదిపింది, అంతే."

"నాకు తెలియాలి."

ఆయన టోపీ తీసి చేతుల్లో తిప్పుకున్నాడు. "ఏమో. పొట్టలో తగిలితే ఏదైనా పడకపోవచ్చు. పడి ఉండొచ్చు కూడా. ఎవరూ చెప్పలేరు."

సాయంత్రం దాకా వెతికి వదిలేశారు. వాల్ట్ తన ట్రక్కులో ముందు వెళ్ళాడు. వసుమతి కారులో ఇషా ఒక్కతే పక్క సీట్లో కూర్చుని, కిటికీలోంచి ఎర్రటి ఎడారి చూస్తోంది. ఆ మౌనం వసుమతి బాగా ఎరిగినదే. భరించలేకపోయింది.

"అది త్వరగానే పోయుంటుందిలే అమ్మా. పెద్దగా నొప్పి తెలిసుండదు."

ఇషా తల తిప్పలేదు. "నాన్న అప్పుడు కూడా అదే చెప్పావ్."

వసుమతి కారు వేగం తగ్గించింది.

"నాకు వినిపించింది. మీ రూమ్ గోడ పక్కనే కదా నా రూమ్. ఎవ్రీ నైట్ వినిపించింది. పొద్దున నువ్వు వచ్చి, నాన్న బాగా పడుకున్నారు అనేదానివి."

ముందు కనబడిన పెట్రోల్ బంకు దగ్గర వసుమతి కారు పక్కకి తీసి ఆపింది. ఇంజన్ కట్టేసి కూతురి వైపు తిరిగింది.

"నొప్పి ఉండేది" అంది. "చాలా ఉండేది. మందు పెంచాం. మార్చాం. నాకు తెలిసినవన్నీ డాక్టర్‌ని అడిగి అడిగి ఇప్పించాను. చాల్లేదు."

"ఎందుకు చాల్లేదు?"

"తెలీదు ఇషా."

"నీకు తెలియాలి కదా. అది నీ జాబ్."

"అవును" అంది వసుమతి. "నా జాబే."

ఇషా ఏడ్చింది. తండ్రి పోయిన రోజు ఏడవని పిల్ల, సీట్ బెల్ట్ అలాగే ఉంచుకుని, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు దుప్పి కోసమో నాన్న కోసమో వసుమతికి తెలియలేదు. అడగలేదు. దగ్గరికి లాక్కోబోతే పిల్ల రాలేదు. అందుకని చెయ్యి మాత్రం వీపు మీద ఉంచింది. పిల్ల ఆ చేతిని తోసేయలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు.

ఇంటికొచ్చాక అన్నీ చక్కబడ్డాయని చెప్పలేం. ఇషా రేంజ్‌కి వెళ్లడం మానేసింది. వాల్ట్ ఏదో ఒక వంక పెట్టుకుని రెండుసార్లు వచ్చి పలకరించి పోయాడు. స్కూల్ నుంచి రాగానే గది తలుపు వేసుకునే అలవాటు అలాగే ఉంది. అయితే అప్పుడప్పుడు, వసుమతి ఏ పనిలోనో ఉన్నప్పుడు, గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. ఏదో ఒకటి అడుగుతుంది. నాన్నకి ఫస్ట్ ఎప్పుడు తెలిసింది? నాకెందుకు లేట్‌గా చెప్పారు? వసుమతి తెలిసినంత చెబుతుంది.

మొన్న బట్టలు మడతపెడుతుంటే వచ్చి మంచం అంచున కూర్చుంది.

"లాస్ట్ డే, నేను పక్కనే ఉన్నానని నాన్నకి తెలుసా?"

తెలుసని చెప్పడం ఎంత తేలికో వసుమతికి తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"తెలీదమ్మా. నేనూ చాలాసార్లు అనుకున్నాను. తెలీదు."

ఇషా బట్టల గుట్టలోంచి ఒక తువ్వాలు తీసి, ఒళ్లో పెట్టుకుని మడతపెట్టసాగింది.