మార్తా గడ్డం గీసుకున్న రోజు

అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను విశాఖలో మా ఆఫీసు మెట్ల మీద నిలబడి టీ తాగుతున్నాను. "టీచరమ్మగారు పోనారురా. పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో కూకున్నారు. అలాగే ఉండిపోనారు," అంది. నేను "అయ్యో" అన్నాను. ఆ అయ్యో నిజమైనదే. కానీ దానికి ఒక్క క్షణం ముందు నాలో ఇంకోటి కదిలింది. అది ఊరట. నా సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోయింది, ఇక ఎవరికీ తెలిసే దారి లేదు అన్న ఊరట. అనకాపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ ఆ సిగ్గు నన్ను వదల్లేదు. ఏడుద్దామన్నా, ఈ మొహం పెట్టుకుని ఏం ఏడుస్తానులే అనిపించింది.

ఆవిడ ఇల్లు మా ఇంటికి ఎదురుగానే. ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. వీధి మొత్తానికి టీచరమ్మగారే. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి బయల్దేరితే, బెల్లం మార్కెట్లో గుమస్తాగా నెత్తి నెరిసిన మా నాన్న కూడా బీడీ వెనక్కి దాచేసేవాడు. చిన్నప్పుడు ఆయనకి లెక్కలు చెప్పింది ఆవిడే మరి.

కళ్లలో ఒత్తిడి పెరిగి ఆవిడ చూపు మెల్లమెల్లగా పోయింది. ఆపరేషన్ చేసినా పోయింది తిరిగి రాదని డాక్టర్లు చెప్పేశారు. వెలుతురూ నీడా తెలిసేవి గానీ అక్షరాలు కనిపించేవి కావు. అద్దె పుస్తకాల షాపులోని తెలుగు నవలలన్నీ అప్పటికే చదివేసిన మనిషి. పుస్తకం లేకపోతే అన్నం సయించేది కాదు. అందుకని డిగ్రీ చదువుతున్న నన్ను పట్టుకున్నారు.

"నువ్వు ఇంగ్లీషు మీడియం కదరా. ఆ ఇంగ్లీషు నవల్లు నాకు తెలుగులో చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పాల. మధ్యలో స్టెప్పులు మింగేవంటే ఊరుకోను," అన్నారు.

ఆ నవలలు ఎక్కడివంటే, ఆవిడ పాత శిష్యుడొకడు ఓడల్లో పనిచేసేవాడు. విశాఖ పోర్టుకి వచ్చినప్పుడల్లా, ఓడలో జనం చదివి పారేసిన పుస్తకాలు అట్టపెట్టెకెత్తి తెచ్చి టీచరమ్మగారి వరండాలో పడేసి వెళ్లేవాడు. సగం వాటికి పై అట్టలుండవు, మొదటి పేజీలుండవు. లోపల ఏముందో చదివితే గాని తెలియదు. కాలేజీ నుంచి వచ్చి ముంత నిండా మజ్జిగ తాగేసి నేను స్టూలు వేసుకునేవాణ్ణి. ఆవిడ వీధివైపు కిటికీ దగ్గర చెక్క కుర్చీలో కూర్చునేవారు. నేను పేజీ చదువుకుని తెలుగులో చెప్పేవాణ్ణి. మొదట్లో హత్యల నవలలు చదివాం. సగానికి రాకుండానే "ఆ తోటమాలే చంపేడు. రాసిపెట్టుకో" అనేవారు. చాలాసార్లు ఆవిడ మాటే నిజమయ్యేది.

అలా ఒక అట్టలేని పుస్తకం చేతికొచ్చింది. చలిదేశంలో సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఒక హాస్టలు, పీటర్, మార్టిన్ అని ఇద్దరు కుర్రాళ్లు. ఒక సాయంత్రం ఇద్దరూ పాత పడవకి రంగు వేస్తారు. మార్టిన్ వేళ్లకంటిన రంగు పీటర్ గుడ్డతో తుడుస్తాడు. తుడవడం అయిపోయినా చెయ్యి వదలడు.

ఆ పేజీ చదువుకుని, చెప్పబోయి ఆగిపోయాను. ఇలాంటి మాట ఎవరైనా కాగితం మీద పెడతారని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటర్ నుంచీ అది నాకొక్కడికే పట్టిన జబ్బు అనుకుంటూ బతుకుతున్నాను. దాన్ని ఎవరో నవలగా రాసి, అచ్చువేసి, ఓడెక్కించి మా వీధిదాకా పంపించారు. సంతోషపడాల్సిన సమయం. నేను లేచి కిటికీ మూసేశాను.

"ఏటిరా, చీకటయిపోయింది?"

"దుమ్మొస్తోందండి," అన్నాను.

కూర్చుని, ఆవిడకి ఇంకా పేరు చెప్పని మార్టిన్‌ని మార్తాగా మార్చేశాను. బైబిల్లో పేరు కాబట్టి ఆవిడకి నచ్చింది కూడా. అక్కణ్ణించి నా పాట్లు మొదలయ్యాయి. మార్తా మగపిల్లల హాస్టల్లో ఏం చేస్తోంది? వార్డెను కూతురని చెప్పాను. ఫుట్‌బాల్ ఎందుకాడుతోంది? ఆ దేశంలో ఆడపిల్లలూ ఆడతారండీ అన్నాను. ఆవిడ "ఊ" అనేవారు. ఆ ఊ రోజురోజుకీ కొంచెం పొడుగవుతోందని నేను కనిపెట్టలేదు. పుస్తకాన్ని అకౌంటెన్సీ గైడు మధ్యలో దాచి ఇంటికి కూడా తీసుకుపోయేవాణ్ణి. తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం ఒకవైపు, ఎవరైనా చూస్తారేమో అన్న భయం ఒకవైపు. చదువుతున్నప్పుడు చెవులు కాలిపోయేవి. పుస్తకం మూశాక నామీద నాకే అసహ్యం వేసేది. మర్నాడు మళ్లీ తెరిచేవాణ్ణి.

ఒకరోజు ఆ ఆత్రంలోనే ఒళ్లు మరిచి చెప్పేశాను. "మార్తా అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటోంది."

బయట బెల్లం దిమ్మల బండి ఒకటి గడగడలాడుతూ వెళ్లింది. అది వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆవిడ అడిగారు.

"మార్తా గడ్డం గీసుకుంటందేటి?"

నేను పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసేశాను.

"వార్డెను కూతురంటివి. పడవని ఒక్కర్తీ ఒడ్డుకి లాగీసిందంటివి. ఇయ్యాల గడ్డం. ఈ లెక్క తేలట్లేదురా నాయినా. ఎక్కడో స్టెప్పు మార్చేసేవు." ఆవిడ నవ్వు ఆపుకుంటున్నారు. నా ప్రాణం మాత్రం అక్కడే పోయినట్టయింది.

"ఇద్దరూ మగపిల్లలేనండి," అన్నాను.

"అది నాకెప్పుడో తెలిసింది. నువ్వెందుకు మార్చేవని అడుగుతన్నాను."

"సిగ్గేసిందండి."

"పుస్తకం గురించా?"

కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఇంకా నా వైపే మొహం పెట్టి ఎదురుచూస్తున్నారు. నా తల ఆవిడకి కనపడదన్న సంగతే మర్చిపోయాను. ఇంకెవరి ముందైనా ఆ తలూపుతో పని జరిగిపోయేది. ఆవిడ ముందు నోరు తెరవక తప్పలేదు.

"నా గురించండి. నేనూ పీటర్‌లాంటోణ్ణే."

అంతకుముందు ఆ మాట నేను గోడకి కూడా చెప్పుకోలేదు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. కొంగు భుజం మీదకి సర్దుకున్నారు. తర్వాత, "ఇయ్యాల్టికి చాలు, వెళ్లు," అన్నారు.

ఆ తర్వాత ఆవిడ నన్ను పిలవలేదు. రోజూ వెనకసందులోంచి కాలేజీకి పోయాను. అమ్మతో చెప్పేశారేమో, పాస్టరుగారితో చెప్పేశారేమో అనుకుంటూ, ఇంట్లో గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడేవాణ్ణి. ఆదివారం చర్చి నుంచి గోడలు తడుముకుంటూ వచ్చి ఆవిడ మా గుమ్మం దగ్గర ఆగారు. "మీవోడు నవల సగంలో వదిలీసేడమ్మా. పంపించు," అని అమ్మకి చెప్పి వెళ్లిపోయారు.

వెళ్లాను. స్టూలు ఎక్కడుండాలో అక్కడే ఉంది.

"నాకిది పూర్తిగా అర్థమవ్వలేదురా," అన్నారు. "చర్చిలో కూకుని దేవుణ్ణి కూడా అడిగేను. అక్కడా తేలలేదు. కానీ నాకు అర్థమవ్వలేదని ఏ పిల్లాడి లెక్కకీ తప్పని ఇంటూ కొట్టలేదు నేను. ఆ కిటికీ తియ్యి, ఉక్కపోత్తంది. మార్టిన్‌ని మార్టిన్‌లాగే చెప్పు."

కిటికీ తీశాను. చెప్పాను. కానీ గొంతు మాత్రం పైకి లేచేది కాదు. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా వినిపిస్తే మాట మింగేసేవాణ్ణి. ఆవిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకి వంగి "గట్టిగా" అనేవారు. ఎన్నాళ్లు చదివినా నా గొంతు ఆ గది దాటలేదు.

ఆ తర్వాత ఏ అట్టపెట్టె వచ్చినా ముందు అడుగు దాకా గాలించేవాణ్ణి. "మన పిల్లల కథేదైనా తగిలిందేటి?" అని అడిగేవారు. అలాంటి కుర్రాళ్లని ఆవిడ మన పిల్లలు అనేవారు. ఆ మాట మళ్లీ వినాలనిపించేది. అయినా మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి, ఆవిడకి కనపడకపోయినా. కొన్ని దొరికాయి. ఒకడు వంతెన మీంచి దూకాడు, ఒకడు జబ్బుచేసి పోయాడు, ఒకణ్ణి యుద్ధానికి పంపించేశారు. టీచరమ్మగారికి కోపమొచ్చింది. "ఒక్కడైనా బతికి బట్టకట్టినట్టు రాయరేటి వీళ్లు?" అన్నారు. అందుకే ఆవిడకి పీటర్, మార్టిన్‌ల పుస్తకమే ఇష్టం. దాని చివర ఇద్దరూ నడివయసువాళ్లై, ఒక చిన్న వంటింట్లో, కూరలో ఉప్పు ఎవరు ఎక్కువేశారని దెబ్బలాడుకుంటారు. ఆ పేజీలు నా చేత మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. "ఇదిరా కథంటే. మనుషులు ఉప్పు గురించి దెబ్బలాడుకుంటా ముసిలోళ్లవ్వాల," అనేవారు.

తర్వాత నాకు విశాఖలో ఉద్యోగమొచ్చింది. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆవిడని చూడాలనే ఉండేది. కానీ నా సంగతి తెలిసిన మనిషి ఎదుట కూర్చోవడమంటే ఒళ్లు ముడుచుకుపోయేది. ఆవిడ కిటికీ ముందు నుంచి చప్పుడు కాకుండా నడిచేవాణ్ణి. ఒకసారి మాత్రం లోపల్నించి, "చెప్పులు కొత్తవేటిరా?" అని వినిపించింది. నిలబడిపోయాను. "అవునండి" అన్నాను. "బాగున్నాయి, చప్పుడు తక్కువ," అన్నారు. ఆవిడ నాతో అన్న చివరి మాట అదే.

సమాధి అయ్యాక ఇంటిముందు, పోయినవాళ్లని తలుచుకునే ఆదరణ కూడిక పెట్టారు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే లేచి ఆవిడ దగ్గర తిన్న బెత్తం దెబ్బల్ని తలుచుకున్నారు. పాస్టరుగారు నన్ను చూసి, "బాబూ, నువ్వు చదివిపెట్టేవాడివి కదా, రెండు మాటలు చెప్పు," అన్నారు. లేచాను. "టీచరమ్మగారికి ఇంగ్లీషు నవలలంటే ఇష్టం," అన్నాను. కూర్చున్నాను. ఏ నవలలని ఎవరూ అడగలేదు. అడగనందుకు మళ్లీ ఊరటే.

జనం వెళ్లాక అమ్మా నేనూ ఆ గది సర్దుతున్నాం. గూట్లోంచి పీటర్, మార్టిన్‌ల అట్టలేని పుస్తకం తీసి అమ్మ చీపురుతో దుమ్ము దులిపింది.

"ఒరే, ఆ మార్తా ఏటయిపోనాదిరా ఆకర్న?"

నేను మోస్తున్న టీచరమ్మగారి కుర్చీని కింద పెట్టేశాను.

"నీకెలా తెలుసు?"

"నాను ఆరి తలకి నూనె రాత్తంటే రోజూ కొంత సెప్పేవోరు. హాస్టల్లో పీటరూ, ఆ పిల్లా, పడవకి రంగెయ్యడం. ఆళ్లు ఎలిపోయి కాపరం పెట్టేరా లేదా అని నానడిగేను. అది నేను సెప్పకూడదు, మీవోడే సెప్పాల అన్నారు. ఎన్నిసార్లడిగినా అదే మాట."

నేను కట్టిన అబద్ధాన్ని అంతకాలం ఆవిడ నాకోసం మోశారు. మార్తాని మార్తాగానే ఉంచి, చివరి స్టెప్పు నాకు వదిలిపెట్టారు. అలాంటి మనిషి పోయిందని తెలిసి నేను ఊరట పడ్డాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. అమ్మ అది చావుకొచ్చిన ఏడుపే అనుకుంది.

"మార్తా కాదమ్మా," అన్నాను. "మార్టిన్. మగపిల్లాడు. నేనే మార్చేశాను."

"ఎందుకు మార్చేవు?"

అదే ప్రశ్న. కానీ అమ్మకి కళ్లు బాగా కనిపిస్తాయి. సూదిలో దారం ఇప్పటికీ అద్దాల్లేకుండా ఎక్కిస్తుంది. నేను నేలకేసి చూస్తూ చెప్పాను.

"నా కథలా ఉందని భయమేసిందమ్మా. ఆ పీటర్‌లాంటోణ్ణే నేనూ."

అమ్మ నా మొహంకేసి చూసింది, పుస్తకంకేసి చూసింది. వీధిలో ఎవరో నవ్వుకుంటూ వెళ్లారు. అమ్మ మెల్లగా కిటికీ దగ్గరికి నడిచింది. ఒక రెక్క లాగి మూసింది. రెండో రెక్క మీద చెయ్యి వేసింది. చాలాసేపు అలాగే నిలబడింది. చెయ్యి తీసేసి, తిరిగొచ్చి టీచరమ్మగారి కుర్చీలో కూర్చుంది. చీపురు ఒళ్లోనే ఉంది.

"సదువు," అంది.

స్టూలు లాక్కుని, అమ్మ చేతిలోంచి పుస్తకం అందుకుని, ఉప్పు దెబ్బలాట ఉన్న పేజీ తీశాను. తెరిచి ఉన్న ఆ ఒక్క రెక్కలోంచి వెలుతురు సగం పేజీ మీద పడుతోంది.