నేను పిలవనియ్యని పేరు

ఆర్మూర్ల మేం పసుపు పండిచ్చేటోళ్లం. నా మొదటి ఇద్దరు పిల్లలు పురిట్లనే పోయిండ్రు. మూడో కాన్పుకు మా అత్త ముందుగాలనే చెప్పిపెట్టింది: "పుట్టంగనే పెంట మీద పడేసి, చాటెడు తవుడిచ్చి కొనుక్కుందాం. పెంటమ్మ అని పిలుద్దాం. ఎవలకూ పనికిరాంది అనుకుంటే సావు గూడ ముట్టదు." మా దిక్కు గట్లనే చేస్తరు. ఇద్దర్ని మట్టిల పెట్టిన తల్లి దేనికైనా ఒప్పుకుంటది. నేనూ ఒప్పుకున్న.

కానీ కాన్పు కష్టమై దవాఖానల అయ్యింది. పురుడు పోసిన నర్సమ్మ కిరస్తానపామె. ఆడపిల్ల, పిడికెడంత ఉన్నది. పేరు రాయాలె అంటే నువ్వే ఏదన్న రాయమన్న. ఆమెనే చీటీ మీద సప్పీర్ అని రాసింది. హీబ్రూ మాటట, బైబిల్ల ఉన్నదట.

"అంటే ఏంది నర్సమ్మా?"

"రత్నం తల్లీ. మస్తు ఇలువైంది."

నా కడుపున పుట్టినదాన్ని రత్నం అన్నోళ్లు గప్పటిదాంక ఎవరున్నరు? నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చినంక అత్త అనుకున్నట్లే చేసింది. పిల్లను పెంట మీద పండబెట్టింది, పక్కింటామె ఎత్తుకున్నది, నేను తవుడిచ్చి తీసుకున్న. అందరి ముందర పెంటమ్మ. అత్త పసుపు ఉడకబెట్టేకాడికి పోయినంక మాత్రం, పాలిచ్చుకుంట చెవుల మెల్లగ సప్పీర్ అని పిలిచేదాన్ని. పిల్ల పాలిడిసి నా మొఖం చూసి నవ్వేది. పెంటమ్మా అంటే ఇటు తిరిగేదే కాదు, మొండిది!

ఐదో నెలల మసూచి టీకాకు తీసుకపోయినం. నా పాడు నోరు ఊకోక, "గది ఏం రత్నం నర్సమ్మా, ఎర్రదా తెల్లదా?" అని అడిగిన. అత్త పక్కనే ఉన్నది.

"నీలం" అన్నది నర్సమ్మ.

అత్త మొఖం మాడిపోయింది. తొవ్వంతా తిట్టుకుంటనే వచ్చింది. "నీలమంటే శని రాయే! అచ్చొస్తే అచ్చొస్తది, లేకుంటే ఇల్లు గుల్ల చేస్తది. ఇద్దరు పోయింది సాలలేదా నీకు?" నా పానం సగం అక్కడనే పోయింది. ఐదు నెలలు నా నోటితోని నేనే శనిని పిలిచిన్నా? ఆ దినం నుంచి ఆ మాటను నాలిక మీదికి రానియ్యలే. పాలు తాగుకుంట తాగుకుంట పిల్ల ఆగి నా దిక్కు చూసేది. నేను పెంటమ్మా, పెంటమ్మా అని గట్టిగ అనేదాన్ని.

నెల తిరగకముందే పిల్లకు జరం పట్టింది. మూడు దినాలైనా దిగలే. మా ఆయన పసుపు అమ్మనీకె బండి కట్టుకోని గంజు బజారుకు పోయిండు. నేనే పిల్లను భుజానేసుకోని, చెప్పులు గూడ లేకుండ దవాఖానకు ఉరికిన. పిల్ల కండ్లు తేలేసింది. సూదేసినా కదలలే. "పెంటమ్మా, ఓ పెంటమ్మా, జర చూడు బిడ్డా" అని మొత్తుకున్న. ఉలుకు లేదు, పలుకు లేదు.

నర్సమ్మ వంగి, "సప్పీర్" అన్నది.

పిల్ల మెడ తిప్పింది. రెప్పలేపి, ఎవరు పిలిచిండ్రా అని ఎతికింది.

నర్సమ్మ ఇంకోసారి అనబోయింది. నేను ఆమె నోరు మూసిన. రెండు చేతులతోని గట్టిగ మూసిన. "వద్దు నర్సమ్మా, నీ కాల్మొక్కుత, వద్దు!"

పిల్ల జరసేపు గట్లనే చూసింది. మళ్ల ఎవరూ పిలవలే. కండ్లు మూసుకున్నది.

పిలిస్తే బతుకుతుండెనా అని తర్వాత నర్సమ్మను అడిగిన. బతికేది కాదు తల్లీ అన్నది. ఎట్లైనా పోయేదే. నా చేతులిరగ, ఆ పిలుపు ఇనుకుంటనన్న పోనియ్యకపోతిని.