పూలజడ ఫొటో

పిల్లల్ని తీసుకుని వస్తున్నానని మా అమ్మాయి ఫోన్ చేసిన రోజే నేను విగ్గు అల్లడం మొదలుపెట్టాను. సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్‌గా పని చేసీ చేసీ ముసలిదాన్నయ్యాను. ఎంతమంది నెత్తిన లేని జుట్టు ఉన్నట్టు చూపించానో లెక్కలేదు. చివరికి ఆ విద్య నా నెత్తికే అక్కరకొచ్చింది.

మందులకు జుట్టంతా రాలిపోయింది. రోగం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇక మందులు ఆపేద్దామని, ఇంటిదగ్గరే ఉండి ఇష్టమైనవి తినమని డాక్టర్ చెప్పాడు. ఇష్టమైనవి తినమని డాక్టర్లు ఎప్పుడు చెబుతారో నాకు తెలియదా? మా ఆయన విషయంలోనూ ఇదే మాట విన్నాను.

"పిల్లలకు చెప్పొద్దు," అన్నాను అమ్మాయితో.

"ఎన్నాళ్ళని దాస్తావమ్మా?"

"బళ్ళు తెరిచేదాకా. ఈ ఒక్క సెలవులూ నన్ను రోగిష్టిదాన్ని చూసినట్టు చూడకూడదు వాళ్ళు. ఆ తర్వాత నీ ఇష్టం."

ఫోన్లో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఏడుపొస్తే ఏడువు గానీ, మాట మాత్రం జారనివ్వకూడదని ఒట్టు వేయించుకున్నాను.

ముసలి వేషాల విగ్గులంటే మావాళ్ళు బూడిద పోసినట్టు తెల్లగా చేసి పారేస్తారు. నేను అలా చెయ్యలేదు. పోయినేడు పిల్లలు చూసి వెళ్ళిన తల ఎలా ఉందో గుర్తు చేసుకుని, చెవుల పక్కన నెరుపు, నడినెత్తిన కాస్త నలుపు ఉండేలా ఒక్కొక్క వెంట్రుకా వలకు ముడేశాను. షూటింగుల్లో దీన్ని కంటిన్యూటీ అంటాం. నిన్న తీసిన షాట్‌లో తల ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండాలి. తేడా వస్తే హాల్లో చంటిపిల్లాడు కూడా పట్టేస్తాడు.

రాజమండ్రి నుంచి వచ్చారు. ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కలేక ఆటో మూలుగుతుంటే మనవడు ముందే దూకేసి పరిగెత్తుకొచ్చాడు. వాడికి ఆరేళ్ళు. మనవరాలికి పదకొండు నిండాయి. అది నిదానంగా దిగి, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇంత చిక్కిపోయావేంటి అమ్మమ్మా?"

"హీరోయిన్ వేషం ఇస్తామన్నారే. డైటింగ్ చేస్తున్నా."

మనవడు అది నిజమే అనుకుని, పై వాటాలో ఉండే ఇంటావిడకు చెప్పి వచ్చాడు. ఆవిడ కిందికి దిగొచ్చి, "ఏందమ్మా, హీరోయిన్ అయితున్నవంట? మా కిరాయి సంగతి యాది పెట్టుకో మరి," అని నవ్వింది. ఆవిడకు నా సంగతంతా తెలుసు. నవ్వి, పైకి వెళ్తూ మెట్లమీద కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో నేను సంతోషంగానే ఉన్నాను. పొద్దున్నే డాబామీద బకెట్లు పెట్టి పిల్లలకు నీళ్ళు పోసేదాన్ని. రోడ్డు పక్కన తాటిముంజలు కొని తెస్తే, వేలు పెట్టి పొడిచి నీళ్ళు ఒకరి మొహాన ఒకరు చిమ్ముకునేవాళ్ళు. సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుంటే, జూబ్లీ హిల్స్ వైపు పోయే కార్లలో ఏది ఏ హీరోదో మనవడు తేల్చేవాడు. అన్నింటికీ చెయ్యూపేవాడు. ఒకరోజు ఓ నల్లద్దాల కారు డ్రైవరు అద్దం దించి చెయ్యూపాడు. వీడికి అది హీరో చెయ్యే. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఆ చేతి గురించి తప్ప మాట లేదు.

సంతోషంగా ఉన్నానని నొప్పి ఏమీ జాలిపడలేదు. దాని పని అది చేసుకుపోయింది. రసాలు పిండి పిల్లలకు పెడుతుంటే ఆ వాసనకే కడుపులో దేవేది. నేనూ ఓ కాయ జుర్రి, బాత్రూంలోకి వెళ్ళి, పంపు ధారగా విప్పి కక్కుకునేదాన్ని. మళ్ళీ మొహం కడుక్కుని, విగ్గు సరిచేసుకుని, నవ్వుకుంటూ వచ్చేదాన్ని. బతికి బట్టకట్టే యోగం నాకు లేదని తెలుసు. ఈ నాలుగు రోజులూ వాళ్ళకు తెలియకుండా గడిచిపోతే చాలనుకున్నాను.

మా మనవరాలికి ఒక అలవాటుంది. ఏటా వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కే ముందు వచ్చే ఎండాకాలానికి ఆర్డరు పెడుతుంది. ఒకేడు బొమ్మకు విగ్గు కావాలంది. ఇంకో ఏడు షూటింగ్ చూపించమంది. పోయినేడు, "వచ్చేసారికి నా జడ నడుం దాటుతుంది, నాకు పూలజడ వెయ్యాలి," అని మాట తీసుకుని వెళ్ళింది. ఏడాదంతా జుట్టు కత్తిరించనివ్వలేదట, అమ్మాయి చెప్పింది.

అందుకని ఓ శుక్రవారం పొద్దున్నే గట్టి మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం తెప్పించాను. అరటి దొప్ప చీల్చి, జడ పొడవుకు కోసి, దానిమీద మొగ్గలు వరసగా కుట్టాలి. మొగ్గలప్పుడే కుడితేనే సాయంత్రానికి జడమీద విచ్చుకుంటాయి. ఒకప్పుడు మేకప్ రూంలో మాట్లాడుతూ మాట్లాడుతూ కుట్టి పడేసిన పనే. ఇప్పుడు సూది వేళ్ళలో నిలవలేదు. మనవరాలు మొగ్గలు అందిస్తూ నా చేతులవైపే చూస్తుంటే, "కళ్ళజోడు మార్చాలే," అని తప్పించుకున్నాను. మధ్యమధ్య పడుకుంటూ, లేస్తూ, సాయంత్రానికి జడ వేశాను. ఇల్లంతా మల్లెల వాసన. పట్టుపరికిణీ కట్టుకుని అది అటూ ఇటూ నడుస్తుంటే మా అమ్మాయి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పూలజడకు ఫొటో అంటే వెనకాల అద్దం ఉండాల్సిందే. ముందు నుంచి మొహం, అద్దంలోంచి జడ, రెండూ ఒకేసారి పడాలి. మా అమ్మ నాకూ అలాగే తీయించింది, నేను మా అమ్మాయికీ అలాగే తీయించాను. మనవరాల్ని బీరువా అద్దం ముందు నిలబెట్టాను. మా అమ్మాయి ఫోన్‌ను ఇంటావిడ తీసుకుంది.

"అబ్బ, ఎంత ముద్దుగున్నదో పోరి! అమ్మా, నువ్వు గూడ పక్కకు నిలబడు. జర నవ్వుండ్రి."

నిలబడ్డాను. నవ్వాను. ఆవిడ రెండు మూడు తీసి, పొయ్యిమీద పాలున్నాయంటూ ఫోన్ మనవరాలి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

అది ఫొటో చూసుకుంటూ, జడ దగ్గరగా చూడాలని కాబోలు, రెండు వేళ్ళతో పెద్దది చేసింది. నవ్వుతున్న మొహం మెల్లగా మారిపోయింది. తలెత్తి నావైపు చూసింది. నా కళ్ళలోకి కాదు, ఇంకాస్త పైకి.

"ఏదీ, నాకూ చూపించవే."

"బాలేదు అమ్మమ్మా. నువ్వు కళ్ళు మూసేశావు." అంటూనే డాబామీదికి వెళ్ళిపోయింది.

నాకు అనుమానం వచ్చింది. చేతి అద్దం తీసుకుని బీరువా అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాను. ముందు వైపు విగ్గు అతికినట్టే ఉంది. వెనక చెమటకు గమ్ము కరిగి వల పైకి లేచిపోయింది. దాని కింద వెంట్రుక లేని నా మెడ, మందులకు కమిలిన మచ్చలు. చేతులు పైకి లేవక కొన్నాళ్ళుగా వెనక పిన్నులు పెట్టడం మానేశాను. కెమెరా ముందు వైపే కదా ఉండేది అనే పాడు ధీమా ఒకటి. ఇన్నేళ్ళూ అందరి వెనకా నిలబడి బతికినదాన్ని, నా వెనక చూసుకోలేదు. ఆ అద్దం ముందు నేనే నిలబెట్టుకున్నాను నన్ను.

భోజనాలయ్యాక అమ్మాయి ఫోన్ పట్టుకుని నా మంచం దగ్గరకు వచ్చింది. మనవరాలు వాళ్ళ నాన్నకు పంపిన ఫొటో చూపించింది. అందులో మా రెండు మొహాలే ఉన్నాయి. చుట్టూ అంతా కత్తిరించేసింది. బీరువా లేదు, అద్దం లేదు, జడ లేదు. చెవి పక్కన ఒక్క మల్లెమొగ్గ కనిపిస్తోంది.

"పిచ్చిపిల్ల. పూలజడ ఫొటోలో జడ లేకుండా చేసిందేంటమ్మా? మిగతా ఫొటోలు కూడా డిలీట్ చేసేసింది. ఏడాది నుంచీ ప్రాణం తీసిందే ఈ జడ కోసం!"

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. వాళ్ళకు తెలియకూడదని నేను విగ్గు పెట్టుకుంటే, ఎవరికీ తెలియకూడదని అది ఫొటోలోంచి తన పూలజడనే కోసేసింది. పదకొండేళ్ళ పిల్ల చెయ్యాల్సిన పనా అది?

మర్నాటి నుంచి దాని తీరే మారిపోయింది. రసాలు పిండితే, "అమ్మమ్మకు వద్దులే, నాకు పెట్టు," అని నా వాటా లాక్కునేది. నేను బాత్రూంలోకి వెళ్తే తమ్ముణ్ణి డాబామీదికి తీసుకుపోయేది. నా వేళాకోళాలకు అవసరమైనదానికన్నా గట్టిగా నవ్వేది. రోజూ పొద్దున్నే, "గొలుసు చిక్కుపడింది, ఉండమ్మమ్మా," అంటూ నా వెనక్కి వచ్చి, వల కిందికి లాగి, పిన్నులు నొక్కేది. వేళ్ళు చర్మానికి తగలకుండా ఎంత నెమ్మదిగా పెట్టేదో. నా మెళ్ళో గొలుసు లేదు. ఎప్పుడో తీసేశాను. నేను నటిస్తున్నానని దానికి తెలుసు, అది నటిస్తోందని నాకు తెలుసు. కట్ చెప్పేవాళ్ళే లేరు.

నోరు విప్పి చెప్పేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను. చెబితే దానికి ఆ నటన కూడా లేకుండా పోతుంది. అప్పుడు ఏం చేస్తుంది, నన్ను పట్టుకుని ఏడవడం తప్ప?

వెళ్ళే రోజు వచ్చింది. ఆటో గేటు ముందు ఆగింది. మనవడు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఊపేస్తూ, "వచ్చే ఎండాకాలం నన్ను ఆ హీరో దగ్గరకు తీసుకెళ్ళాలి. ప్రామిస్!" అన్నాడు.

"అలాగేరా, తప్పకుండా," అన్నాను.

అమ్మాయి అటు తిరిగి సామాను సర్దుతోంది. నేను మనవరాలి కోసం చూశాను. రెండు జడలు బిగించి వేసుకుని, ఆటో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"మరి నీకేం కావాలే వచ్చే ఏడు?"

అది దగ్గరకు వచ్చి, నా మెడ వెనక చెయ్యి పెట్టి, పిన్నులన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసింది.

"నాకేమీ వద్దమ్మమ్మా," అని చెప్పి ఆటో ఎక్కింది.