గాలికి పెట్టిన చేప

మొన్న పంటి డాక్టరు దగ్గర కూర్చున్నాను. దవడ వాచి, ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేక, ఎదురుగా ఉన్న అద్దాల తొట్టినే చూస్తూ ఉన్నాను. అందులో నారింజ రంగు చేప ఒకటి నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. పక్కనున్నవాళ్లు ముచ్చటపడి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం వాచిన దవడతోనే లేచి వెళ్లాను. దానికి ఊపిరాడటం లేదని కౌంటరు దగ్గరి అమ్మాయికి చెబితే, అది ఎప్పుడూ అంతేనంది. అంతే అయితే అంతేలే అనుకుని ఊరుకున్నాను గానీ, మనసు భూపాలపల్లికి వెళ్లిపోయింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం అందరం సమ్మెలో ఉన్న రోజులవి. రేగొండ దగ్గర నేను పాఠాలు చెప్పే బడికి తాళం పడింది. బస్సులు లేవు. ఎవరిదో బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుని జీపులో అక్కవాళ్లింటికి చేరాను. బావ బొగ్గుబాయిలో, భూమి లోపలి గనిలో, పని చేసేవాడు. కంపెనీ క్వార్టరు ఇంకా రాలేదు, కిరాయి ఇల్లు. బావ తల్లి కూడా వాళ్లతోనే ఉండేది. అక్కతో పాటు నేనూ అత్తమ్మ అనే పిలిచేదాన్ని. ఒకప్పుడు ఆమె ఇంట్లో అరిస్తే వాడ చివరి ఇంట్లో వినిపించేది. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, ఆ మాటా పోయింది. ఆమెకు పొద్దుపోవాలని బావ హనుమకొండ నుంచి చిన్న అద్దాల తొట్టి, ఒకే ఒక్క బంగారు చేప తెచ్చి మంచానికి ఎదురుగా స్టూలు మీద పెట్టాడు. ఇంట్లో మనుషులకే చాకిరీ చేయలేక చస్తుంటే చేపకు కూడానా అని అక్క సణిగిందట. తీరా చూస్తే ఆ చేపే అక్క పని తేలిక చేసింది. అక్క జావ కలుపుకుని మంచం మీద కూర్చునేది. చేప అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిచినప్పుడు అత్తమ్మ నోరు కూడా దానంతటదే తెరుచుకునేది. ఆ అదను చూసి అక్క చెంచా పెట్టేది. మనం తినమంటే మాత్రం పెదవులు బిగించేది. మొండితనంలో ఆమెకు ఆమే సాటి.

బాయిలు బంద్ అయ్యేసరికి బొగ్గు లేక కరెంటుకు కరువొచ్చింది. పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. తొట్టిలో బుడగలు వదిలే చిన్న మోటారు ఆగిపోయింది. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ముందు గుర్తించింది అత్తమ్మే. ఒక పొద్దున ఎడమ చేత్తో మంచంపట్టె మీద కొడుతూ మూలగసాగింది. నీళ్లు తాపాం. పక్క మార్చాం. ఆమె ఇంకా కోపంగా కొట్టింది. ఆ చూపు వెంట చూస్తే అప్పుడు కనిపించింది, చేప రెక్కలు ముడుచుకుని, మూతి పైకి పెట్టి గుటకలు వేస్తోంది.

ఇక వైద్యం మొదలైంది. వాడలో ఎవరికీ పని లేదు కదా, సమ్మె టెంటు దగ్గర నినాదాలు అయిపోగానే అందరూ మా ఇంటికే. ఒకాయన కడుపుబ్బరం అన్నాడు. ఒకావిడ దిష్టి అని ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసి మా అందరినీ దగ్గించింది. ఎదురింటావిడ చెప్పిందని చిటికెడు పసుపు వేస్తే నీళ్లు పచ్చబడి అసలు చేపే కనిపించలేదు. జ్వరం గోళీ ముక్క వేద్దామన్నవాడిని అక్క గుమ్మంలోనే ఆపింది. నాకు నవ్వొచ్చేది, కానీ మంచం మీద ఆ ముఖం చూస్తే నవ్వు చచ్చిపోయేది.

బావ మాత్రం పసుపు అడుగుకు పేరుకున్నాక తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. “గిది రోగం గాదు. దీనికి గాలాడుతలేదు,” అన్నాడు. రోగం సరిగ్గానే పట్టాడు, మందే తప్పింది. బాయిలో గాలి చెడి ఎవరైనా సొమ్మసిల్లితే వాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే, భుజాన వేసుకుని మంచి గాలి తగిలే చోటికి తేవడం. అట్లా మనిషిని బతికించినవాడు ఆయన. చేపకూ అదే చేశాడు. పక్కింటాయనతో కలిసి తొట్టిని మోసుకొచ్చి వరండాలో గాలికి పెట్టాడు. అది ఎదుట లేకపోతే అత్తమ్మ తినదని అక్క అడ్డుపడింది. “సస్తే అవ్వ కండ్ల ముందట సావాల్నా? జర నయమైనంక మల్ల లోపట పెడ్త,” అన్నాడు. తల్లి మీద ప్రేమతో అన్న మాట. ఎవరు కాదంటారు?

మధ్యాహ్నం వరండాలోకి ఎండ వచ్చి నీళ్లు వెచ్చబడ్డాయి. చేప పక్కకు ఒరిగిపోయింది. లోపల అత్తమ్మ ఖాళీ స్టూలును కాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ పూట జావ ముట్టలేదు. మర్నాడూ అంతే. అక్క బతిమాలింది, కోప్పడింది, చివరికి ఏడ్చింది. చేపకు నయమవుతోందని చెప్పి చూశాం. మాట పోయింది గానీ ఆమె చెవులు పోలేదు. వరండాలో మా గుసగుసలన్నీ వింటూనే ఉంది. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ ఎక్కించి, ఎట్లాగైనా నోటి ద్వారానే తినిపించమని చెప్పి పోయాడు.

చివరికి హనుమకొండలో ఆ చేపను కొన్న దుకాణానికి ఫోను కలిసింది. దుకాణం అతను విసుక్కుంటూనే చెప్పాడు. చేపకు కావాల్సింది నీళ్లలో కలిసిన గాలట. ఎండకు పెడితే అదీ పోతుందట. నీడకు మార్చి, సగం నీళ్లు తీసి, ఒకరోజు నిలవ ఉంచిన నీళ్లు పోసి, కాస్త ఉప్పు వేసి, చెంబుతో ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండమన్నాడు. బావ చెంబు అందుకున్నాడు. ఆయన చెయ్యి లాగితే పక్కింటాయన, ఆయన తర్వాత ఇంకొకరు, బాయిలో షిఫ్టు మారినట్టే మారి పోశారు. మెల్లగా చేప రెక్కలు విప్పింది. అడుగుకు దిగి ఈదింది. వాడంతా సంబరపడింది.

బావ తొట్టిని లోపలికి తెచ్చి స్టూలు మీద పెట్టాడు. “అవ్వా, జర ఇటు సూడే. మంచిగైంది,” అన్నాడు. అక్క ఆమె మొహాన్ని నెమ్మదిగా ఇటు తిప్పి, చెంచా పట్టుకుని కాచుకుంది. చేప అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిచింది. అత్తమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి గానీ, చూపు చేప మీద ఆగలేదు. పెదవులు కదలలేదు. అక్క చెంచాను గిన్నెలో పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సమ్మె ముగియకముందే ఆమె పోయింది. మట్టి చేసి వచ్చాక బావ తొట్టి ముందు కూలబడ్డాడు. “చేపకు గాలి పెడ్తున్న అనుకున్న, మరదలా. మా అవ్వ ఊపిరి తీస్కపోయి బయట పెట్టిన,” అన్నాడు. పెద్ద వయసు, పక్షవాతం, ఎట్లాగూ ఎక్కువ కాలం ఉండేది కాదని అందరం ఓదార్చాం. ఆయన నమ్మలేదు. నిజానికి నేనూ నమ్మి చెప్పలేదు.

చేప చాలాకాలమే బతికింది. రాష్ట్రం వచ్చిందని వాడంతా రంగులు చల్లుకున్న రోజు కూడా అది ఆ స్టూలు మీద తొట్టిలో ఈదుతూనే ఉంది, ఎదురుగా మంచం మాత్రం లేదు. మేం అడిగింది ఆలస్యంగానైనా వచ్చింది. అత్తమ్మ ఖాళీ స్టూలును చూసిన ఆ కాసేపు మాత్రం, ఇన్నేళ్లయినా, నాకు ఇంకా గడవలేదు.