కొబ్బరిచెట్టు మొదట్లో చందువా

మా అమ్మ రోజూ నిజాంపట్నం వైపు నుంచి తొలి బస్సులో చేపల గంపతో రేపల్లె వెళ్లేది. పదో తరగతి తప్పాక రెండో గంప నా నెత్తికెక్కింది. వాసనకు బస్సులో మా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. కిటికీ సీటు ఎప్పుడూ నాదే కాబట్టి ఆ విషయంలో నాకేం బాధ లేదు.

ఎనభైల్లో ఒక వానాకాలం రేపల్లెలో కలరా వచ్చింది. చేపలు తినొద్దని మైకులో చెప్పుకుంటూ రిక్షా తిరిగింది. అంతే, మా గంపలు కనబడితే తలుపులు వేసుకున్నారు. ఒకటో తారీఖున జీతమొచ్చే ఇళ్లవాళ్లు నీళ్లు కాచుకుని తాగారు, పిల్లల్ని తెనాలి, బాపట్ల చుట్టాలిళ్లకు పంపేశారు. వాళ్ల భయం నిజమే, కాదనను. మా పల్లెలో మాత్రం ఒక్కరికీ వాంతి కాలేదు. జబ్బు వాళ్లకొచ్చింది, ఆకలి మాకొచ్చింది. నాన్న పట్టిన చేపను ఎండబెడదామంటే ముసురు. మా నానమ్మ, చిన్నవాళ్లు గంజినీళ్ల మీద ఉన్నారు.

మా వాడుక ఇళ్లలో ఒకటి లూథరన్ చర్చి వెనకున్న టీచరమ్మగారిది. ఆవిడ వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. ఆదివారం అది చర్చికి వెళ్లేది. ఆ చర్చి ఆడవాళ్లందరికీ అదే అలవాటు. జనం గుమికూడొద్దని ఆరాధన ఆపేయడంతో కుండ నిండిపోయింది.

"ఈ బియ్యం తీసుకెళ్లమ్మా," అందావిడ.

అమ్మ వెనక్కి జరిగింది. "గంపలో చేపుండగా చెయ్యి చాపడం మాకు లేదండి."

"అయితే ఆ చేపే ఇయ్యి."

"దేవుడి బియ్యం కదండి?"

"ఈ వారం ఆయన మీ ఇంట్లో తింటాడులే."

ఆ రోజు మా ఇంట్లో అన్నం ఉడుకుతున్న వాసనకు నానమ్మ లేచి కూర్చుంది. అప్పట్నుంచి రోజూ చేప ఇవ్వడం, బియ్యం తెచ్చుకోవడం. కుండ ఖాళీ అయ్యాక ఆవిడ ఇంటి బియ్యమే పోసేది.

ఒకరోజు గంప కడగడానికి వాళ్ల పెరట్లోకి వెళ్లాను. కొబ్బరిచెట్టు మొదట్లో తడిమట్టిని తవ్వి కాకి చేప తోక లాగుతోంది. నిన్న మేమిచ్చిన చేపే. చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండిపోయింది.

బస్టాండులో అమ్మను పట్టుకున్నాను. "ఆవిడ మన చేపను పాతేస్తోందమ్మా!"

"తెలుసులే. మొదటి వారమే చూశా."

"మరి అడగలేదేంటి?"

"అడిగితే ఆవిడ మన మొహం చూడలేకపోతుంది, మనం బియ్యం తెచ్చుకోలేం. నోరు మూసుకుని బస్సెక్కు."

మర్నాడు టీచరమ్మగారి కోసం నలిగిన చేపొకటి గంపలో వేశాను. ఎలాగూ మట్టిలోకి పోయేదే కదా. అమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి, నాన్న తెచ్చిన వాటిలోకెల్లా మంచి చందువాను వేసింది.

"పాతిపెట్టేదానికి చందువా ఎందుకే అమ్మా?"

"ఆవిడ మనకు నూకలు పోస్తోందా?"

నలిగిన చేప మా ఇంట్లో పులుసైంది.

ఊరు తేరుకుని మళ్లీ చేపలు కొనేదాకా ఆ చెట్టు మొదట్లోకి మంచి చేపే వెళ్లింది, మా ఇంటికి మంచి బియ్యమే వచ్చింది. ఆ తర్వాత కూడా ఆ ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు ఈ సంగతి ఎత్తలేదు. ఆ బియ్యం తినే మేమందరం బతికి బట్టకట్టాం. ఇద్దరికీ నా దండం.