వ్యాను అద్దాల వెనక అంజీర్లు

జలాల్ మెదక్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా కిరాయి బండి నడుపుతున్నాడు. ఎక్కినవాళ్లు కునుకు తీస్తుంటే గుంత దగ్గర బండి ఆపి, నెమ్మదిగా దింపి, నెమ్మదిగా ఎక్కించే మనిషి. అలాంటివాడు పోయిన ఎండాకాలం తన వ్యాన్లో పండ్లు ఎండబెట్టడం మొదలుపెడితే స్టాండులో నవ్వనివాళ్లు లేరు. నవ్వితే నవ్వనీ. అతనికి కావలసింది భార్య హలీమా ఒంట్లో రక్తం.

హలీమాకు గర్భసంచి ఆపరేషన్ చేయాలంది డాక్టరమ్మ. కానీ రక్తం, అంటే హిమోగ్లోబిన్, ఏడు దగ్గరే ఉంది. పదికి వస్తే తప్ప కత్తి పట్టనని చెప్పేసింది. మాత్రలు రాసింది, వాటితో పాటు ఎండు అంజీర్లు తినమంది. బజారులో వాటి ధర విని జలాల్ కొనకుండానే బయటికి వచ్చేశాడు.

టేక్మాల్‌లో ఉండే స్నేహితుడు స్వామి పొలం గట్టున రెండు అంజీరు చెట్లున్నాయి. "తెంపుకపోండ్రి భాయ్. పిట్టలు తినుడు కంటే భాభి తినుడు నయం" అన్నాడు. బుట్టలకు బుట్టలు వచ్చాయి. అయితే పండిన అంజీరు రెండో రోజుకే పులిసిపోతుంది. కాపు నెలలో అయిపోతుంది, హలీమాకేమో నెలల తరబడి కావాలి. ఎండబెడదామంటే వాళ్ల కిరాయి ఇల్లు రెండు మేడల మధ్య ఇరుక్కుని ఉంది, ఎండ అటు తొంగి కూడా చూడదు.

ఉపాయం హలీమాకే తట్టింది. "మీ బండి దినమంతా ఎండలనే ఉంటది గద. అండ్ల కూసుంటే మనుషులే ఎండుతుండ్రు, పండ్లు ఎండయా?"

మొదటిసారి జలాల్ అద్దాలన్నీ బిగించాడు. ఆవిరి పోయే దారి లేక పండ్లకు బూజు పట్టింది, తిట్లు తిన్నాడు. రెండోసారి బుద్ధిగా ఆమె చెప్పినట్టే చేశాడు. పండ్లను రెండుగా చీల్చి, నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి, పళ్లెంలో పరిచి, పలుచటి బట్ట కప్పి స్టీరింగు ముందర పెట్టాడు. అద్దాలకు వేలెడు సందు వదిలాడు. నాలుగైదు రోజులకు, నలిపితే తడి అంటనంతగా ఎండాయి. వాటిని సీసాలో పోసి హలీమా వారం పాటు రోజూ ఊపి చూసేది. ముక్కకు ముక్క అంటుకుంటే మళ్లీ ఎండకే.

కాపులో చివరి పళ్లెం ఎండిన రోజున అల్లాదుర్గ్ నుంచి యాదవ్వ అనే పెద్దావిడ, ఆమె కుటుంబం, మొత్తం ఏడుగురు, ఏడుపాయల అమ్మవారి గుడికి బండి మాట్లాడుకున్నారు. దర్శనానికి వాళ్లు పోగానే జలాల్ బండిని ఎండలో పెట్టి టీకి వెళ్లాడు. సామాన్లు తీసుకుంటారేమోనని తాళం వేయలేదు. తిరిగొచ్చేసరికి ఏడుగురూ బండిలోనే ఉన్నారు. యాదవ్వ అంజీరు ముక్కల్ని కళ్లకు అద్దుకుంటూ అందరికీ పంచుతోంది. అమ్మవారి గుడి దగ్గర ఆగిన బండి, తుడిచిన పళ్లెం, పైన శుభ్రమైన బట్ట. ప్రసాదం కాక మరేమనుకుంటుంది? పాపం, డ్రైవరే తెచ్చి పెట్టాడనుకుంది.

"నువ్వు సుత తీస్కో బిడ్డా" అని అతని చేతిలోనూ ఒక ముక్క పెట్టింది.

పళ్లెం సగానికి పైగా ఖాళీ. తినేవాళ్ల చేతిలోంచి లాక్కుంటామా? కానీ ముఖంలో బాధ దాచుకోవడం జలాల్‌కు రాదు. యాదవ్వ కొడుకు ఎల్లేష్ గుచ్చి గుచ్చి అడిగితే, "ప్రసాదం కాదన్నా. మా ఇంటామె మందు" అని మొత్తం చెప్పాడు.

బండిలో నమలడాలన్నీ ఆగిపోయాయి.

"పేరేంది ఆమెది?" అంది యాదవ్వ.

"హలీమా."

ముసలామె బండి దిగి, ఆ మండుటెండలో మళ్లీ గుడి వైపు నడిచింది. ఎవరు పిలిచినా ఆగలేదు.

ఆ సాయంత్రం హలీమా పళ్లెం చూసి మిగిలిన ముక్కలు లెక్కపెట్టింది. తరువాత నవ్వేసింది. "నా దవా తిని ఆల్లకు మస్తు రక్తం వడ్తది తియ్యిండ్రి." మర్నాటి నుంచి రోజుకు మూడు ముక్కలకు బదులు రెండే తినడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండా ఎల్లేష్ చేతికి నువ్వుల ముద్దలిచ్చి పంపింది యాదవ్వ. అవి అయిపోవస్తుంటే మళ్లీ పంపింది. ఆదివారం వస్తే ఫోన్. "ఎంతొచ్చింది బిడ్డా రక్తం?" ఎనిమిది, అవ్వా. ఎనిమిదిన్నర. రెండు ఆదివారాలు ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోతే, జలాల్ కంటే ఆమే ఎక్కువ పరేషాన్ అయింది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున పరీక్షలో పదీ పాయింట్ రెండు వచ్చింది. సోమవారమే ఆపరేషన్ అంది డాక్టరమ్మ. జలాల్ దవాఖానా మెట్ల మీద కూర్చుని నలుగురూ చూస్తుండగా ఏడ్చాడు, సిగ్గుపడలేదు. అల్లాకు షుక్రియా చెప్పుకున్నాడు. సొంత తమ్ముళ్ల కంటే ముందు అల్లాదుర్గ్‌కు ఫోన్ కలిపాడు.

"పది దాటింది అవ్వా. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?"



"నేను తిన్నయి మూడు ముక్కలు బిడ్డా" అంది యాదవ్వ. "గప్పటిసంది గొంతులనే ఉన్నయి. ఇయ్యాల దిగినయి."